ఎడమ కంటిపాప

మొన్న బెంగళూరులో మా చెల్లెలి భర్తను ఐసీయూలో చూడబోతే, ఆయన తలకు అంటించిన తీగలు పక్కనున్న తెరమీద మెదడు తీరును గీతలుగా చూపిస్తున్నాయి. గీత కాస్త మారగానే నర్సు పిలిచింది, డాక్టరు పరుగున వచ్చాడు. మావాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు గానీ నాకు మాత్రం పాత కోపం తిరిగొచ్చింది.

డెబ్బైల చివర, అనంతపురంలో ఒక ఆసుపత్రిలో నేను నర్సుగా చేరిన కొత్తలో, తలకు దెబ్బతగిలినవాళ్ళను కనిపెట్టుకోవడానికి మాకున్నవి టార్చిలైటు, గడియారం, మా కళ్ళు. అరగంటకోసారి పేరుపెట్టి పిలిచి, కాళ్ళూ చేతులూ కదిలించమని, కంటిపాపల్లో వెలుతురు వేసి చూసి రాసేవాళ్ళం. ఒక పాప పెద్దదైతే లోపల నెత్తురు చేరి మెదడును నొక్కుతున్నట్టేనని మా పెద్ద సిస్టరు నేర్పింది.

ఒకనాడు ధర్మవరం నేతగాడొకాయన బస్సుపైన చీరల మూట కడుతూ జారిపడి, తలకు దెబ్బతో వచ్చాడు. పొద్దున భార్యతో మగ్గం మీది చీర సంగతి మాట్లాడిన మనిషి, మధ్యాహ్నానికి గురకలో పడ్డాడు.

"పిలిస్తే పలకడంల్యా సిస్టరమ్మా, ఇది నిద్రేనా?" అని ఆమె అడిగింది.

టార్చి వేస్తే ఎడమ పాప పెద్దదై ఉంది. డ్యూటీ డాక్టరుకు చెప్పాను. "డాక్టరు నువ్వా నేనా? నిద్రపోనీ" అన్నాడు, తల ఎత్తకుండానే. అరగంటకు మళ్ళీ చెప్పాను, కసిరాడు. పుర్రెకు రంధ్రం చేసి గడ్డకట్టిన నెత్తురు తీయగల సర్జను అదే వరండా చివర ఆపరేషన్ గదిలో ఉన్నాడు. సాయంత్రం ఆయన వార్డుకు వచ్చేసరికి రెండు పాపలూ పెద్దవై వెలుతురుకు కదలడం మానేశాయి. దీపాలు పెట్టేవేళకు ప్రాణం పోయింది.

నేను రాసిన కాగితం చించి వేరేది రాయమన్నాడు డ్యూటీ డాక్టరు. చించకుండా తీసుకెళ్ళి సర్జను చేతికిచ్చాను. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. నెల తిరక్కుండా నన్ను జిల్లా చివరనున్న కుందుర్పికి మార్చారు. ఆ డాక్టరు అక్కడే ఉండిపోయాడు.

అంతకుముందు, శవాన్ని బండికెక్కించేటప్పుడు నేతగాడి భార్యకు జరిగిందంతా చెప్పేశాను. ఆమె ఏడవలేదు. "నువ్వు చూసినావు కదమ్మా, మరి ఆ పెద్ద డాక్టరు తలుపు యాల తట్టకపోతివి?" అంది.

పై డాక్టరును నర్సు నేరుగా పిలవడం ఇవాళ మామూలు సంగతి. మా కాలంలో టార్చి పట్టడం కన్నా ముందు తల వంచడం నేర్పారు, నేనూ బుద్ధిగా నేర్చుకున్నాను. ఆ డాక్టరు మీద కోపం ఈనాటికీ తగ్గలేదు. కానీ ఆ వరండా పొడవు ఎంతని తలుచుకున్నప్పుడల్లా, నడవని నా కాళ్ళ మీదే ఎక్కువ కోపం వస్తుంది.