గొంగళి చెప్పులు

మా నాయనమ్మ చెప్పులు వేసుకుని ఎరగదు. కొనే స్తోమత లేక కాదు. తాతయ్య కిర్రు చెప్పులు వేసుకుని ముందు నడిస్తే, ఆవిడ వట్టి కాళ్లతో వెనక నడిచేది. మాచర్ల వైపు మా ఊళ్లో ఆ తరం ఆడవాళ్లందరూ అంతే. దాన్ని మర్యాద అనేవాళ్లు. నాకైతే తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పంతొమ్మిది వందల ఎనభైల్లో, తాతయ్య పోయిన తర్వాత, ఆవిడకు షుగర్ బయటపడింది. నరసరావుపేటలో డాక్టరు అరికాళ్లను సూదితో తాకి చూసి, స్పర్శ పోయిందన్నాడు. కాలికి ఏం తగిలినా ఈవిడకు తెలియదు కాబట్టి ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగనివ్వొద్దని గట్టిగా చెప్పాడు. నాన్న అక్కడే బజారులో మెత్తటి తోలు చెప్పులు కొన్నాడు. నాయనమ్మ వాటిని గడప దాటి లోపలికి రానివ్వలేదు.

"తోలు కాళ్లకేసుకుని పొయ్యి కాడికి పోతానా? ఊరగాయ జాడీ ముట్టుకుంటానా? నాకేం పొయ్యే కాలమా!" అంది.

అందుకని అమ్మ గుడ్డతో చెప్పులు కుట్టడానికి పూనుకుంది. అమ్మకు వచ్చిన కుట్టల్లా మిరపకాయల బస్తాలు కుట్టడం. నాయనమ్మను అట్టముక్క మీద నిలబెట్టి పాదాల చుట్టూ బొగ్గుతో గీసింది. వేళ్ల సందుల్లో బొగ్గు తిరుగుతున్నా ఆవిడకు చక్కిలిగింత పుట్టలేదు. అమ్మ తలెత్తి నా వంక చూసింది.

ఆ రాత్రి పనులయ్యి, నాయనమ్మ పడుకున్నాక అటక మీది నుంచి తాతయ్య గొంగళి దించింది. చిమ్మటలు కొట్టి అంచులు పోయినా నడుమ దిట్టంగానే ఉంది. మూడు పొరలు కత్తిరించి, మధ్యలో పాత చీర ముక్కలు పరిచి, పైనా కిందా నాన్న ప్యాంటు గుడ్డ తొడిగి, దాంతోనే పట్టీ వేసింది. దారానికి మైనం రాసివ్వడం నా వంతు. దబ్బనం గొంగళిలో దిగనని మొరాయించేది. అమ్మ కొంగు మడిచి అరచేతికి అడ్డం పెట్టుకుని తోసేది. కుట్టు వంకర పోయినా, ఒక్క ముడి కూడా అరికాలికి తగలకుండా చూసింది.

మర్నాడు పొద్దున నాయనమ్మ అవి వేసుకుని ఇల్లంతా కలయదిరిగింది. పొయ్యి దగ్గరికి పోయింది, జాడీల దగ్గరికి పోయింది. పక్కింటి అత్తను పిలిచి మరీ చూపించింది.

"ఏమే, చానా మెత్తగుండయ్యి. లోపలేం పెట్టావే?" అని అమ్మనడిగింది.

అత్తగారి నోట మెప్పు అమ్మకు ఎప్పుడోగాని దొరికేది కాదు. పొంగిపోయింది. "మామయ్య గొంగళి అత్తయ్యా. ఇంట్లో అంత మందం గుడ్డ ఇంకోటి ఏడుంది?"

నాయనమ్మ అడుగు ఆగిపోయింది. గోడ పట్టుకుని వాటిని విప్పింది. రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకుంది.

"ఆయన కప్పుకున్నదాన్ని నా చేత తొక్కిచ్చావటే!" అంది.

పుస్తకానికి కాలు తగిలినా కళ్లకద్దుకునే ఇల్లు మాది. అమ్మకు తెలియక కాదు. అటకెక్కిన గొంగళి ఆమె కంటికి ఉత్త మందపాటి గుడ్డలాగే కనపడింది. బతికినన్నాళ్లూ పెళ్లానికి ఒక జత చెప్పులు కొనని మనిషి, పోయాకైనా ఆవిడ కాళ్లకు అక్కరకొస్తుంటే ఆవిడే వద్దంది. ఎంత బతిమాలినా వినలేదు. చెప్పుల్ని తన పెట్టెలో తాతయ్య పంచెల పక్కన పెట్టుకుంది.

అమ్మ ఇంకో జత కుడదామని ఆ మధ్యాహ్నమే కొట్టంలో గోనెసంచులు వెతుకుతోంది. నేను ఆమె వెంటే ఉన్నాను. అది రోహిణి కార్తె. వాకిట్లో పరిచిన నాపరాళ్లను మేమైతే గంతులేస్తూగాని దాటలేం. నాయనమ్మ ఆ రాళ్ల మీద వట్టి కాళ్లతో నిలబడి, ఆరబెట్టిన మాగాయ ముక్కల్ని తాపీగా ఒక్కొక్కటే తిరగేసింది. లోపలికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నాకగాని మేం చూడలేదు. అరికాళ్ల నిండా బొబ్బలు.

"నాకేం తెలవలేదే," అంది, ఏదో తప్పు చేసినట్టు.

ఎడమ కాలు మానింది. కుడి కాలు మానలేదు. చివరికి గుంటూరులో ఆ పాదం తీసేశారు. అబద్ధమాడితే మా వీపులు చిట్లగొట్టే అమ్మ, ఆ పూట ఒక్క అబద్ధం ఆడలేకపోయానే అని బతుకంతా కుమిలింది. "పాత దుప్పటి అంటే పోయేదిగా," అనేది, అన్నం కలుపుతూ కలుపుతూ.

తర్వాత రెండేళ్లకు నాయనమ్మ పోయింది. పెద్దకర్మ నాడు దానమివ్వడానికి గొడుగుతో పాటు కొత్త తోలు చెప్పులు తెచ్చి చాప మీద పెట్టారు. పోయినామె దారిలో కాళ్లు కాలకుండా అని పక్కింటి అత్త ఎవరికో చెబుతోంది. అమ్మ ముందుకు వంగి, ఆ జతలో కుడి కాలి చెప్పును చేతిలోకి తీసుకుంది. దానం పట్టే ఆయన చెయ్యి చాచినా, నాన్న రెండుసార్లు పిలిచినా, ఆమె దాన్ని వదల్లేదు.