లోపల ఇంకా ఉంది

ఆ వీధిలో ఎవరు పోయినా, వాళ్ల చిన్న ఫోటోను గోడకు సరిపడా పెద్దది చేసిచ్చేది స్టూడియో ఆయనే. తీరా తన కూతురే జ్వరంతో పోయేసరికి, కెమెరా చూస్తే పారిపోయే ఆ పిల్లది కాలేజీ కార్డు ఫోటో ఒక్కటే దొరికింది. ఎంత తంటాలు పడ్డా, పెద్దది చేస్తే ముఖం చుక్కలు చుక్కలైపోయింది.

అప్పటినుంచీ, ఆ పిల్ల కంప్యూటర్లో లెక్క కట్టి గీసిన ఆకుబొమ్మ ముందే కూర్చుంటున్నాడు. ఆకులో చిన్నాకు, అందులో మరొకటి. ఎంత పెద్దది చేసినా లోపల ఇంకా ఉంటూనే ఉంది.

“బావా, అందులో పిల్ల లేదు. ఉత్త లెక్క,” అన్నాడు లెక్కల మాస్టారైన బామ్మర్ది.

“నీకు కూడు పెడుతున్నదీ ఆ ఉత్త లెక్కేగా. పక్కకు జరుగు, తెరకు అడ్డొస్తున్నావు.”

ఈరోజు ఇంకా ఇంకా పెద్దది చేసేసరికి ఆ బొమ్మ కూడా చుక్కలైపోయింది. ఆయన చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది.

“ఇదీ అయిపోయిందిరా.”

“లెక్క అయిపోలేదు బావా. దానికి అంతుండదు. ఇంకా లోపలికి పోవడం ఈ మిషనుకే చేతకాలేదు.”

“అయితే లోపల ఉన్నట్టేగా?”

మాస్టారు కుర్చీ లాక్కొని పక్కన కూర్చున్నాడు. బొమ్మను మళ్లీ మొదటికి తెచ్చి, “ఈసారి ఇంకో ఆకులోకి వెళ్దాం బావా,” అన్నాడు.