అరవై రెండున్నర కాదు, అరవై రెండు

రికార్డులో తప్పు పట్టుకున్నది నేనని మా కాలేజీలో అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. పట్టుకున్నది నా దగ్గర చదివిన ఒక అమ్మాయి. ఆ తప్పును ఏళ్ల తరబడి కాపాడినవాణ్ణి మాత్రం నేనే.

మార్కాపురం దగ్గరి జూనియర్ కాలేజీలో ఇంటర్ ఒకేషనల్ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్తాను. ల్యాబ్‌లో సిస్టమ్స్ తక్కువ, వాటిలో పనిచేసేవి ఇంకా తక్కువ. అందుకని పిల్లలు సీనియర్ల ప్రాక్టికల్ రికార్డు తెచ్చుకుని, ప్రోగ్రామూ దాని కింద జవాబూ చూసి రాసేవారు. నేను సంతకం పెట్టేవాణ్ణి. మొదటి బ్యాచ్‌కు ఆ జవాబులు బోర్డు మీద రాసిచ్చింది నేనే. మిషన్ మీద నడిపి కాదు, కాగితం మీద లెక్కగట్టి.

ఆ అమ్మాయిది పుల్లలచెరువు వైపు అడవి పక్క ఊరు. వాళ్ల నాయన గొర్రెలు కాస్తాడు. రోజూ మొదటి బస్సుకు వచ్చి, క్లాసు మొదలయ్యేలోపు ల్యాబ్ తీయించుకుని కూర్చునేది.

ఒకరోజు రికార్డులు దిద్దుతున్నాను. రెండు సబ్జెక్టుల మార్కులకు సగటు కట్టే ప్రోగ్రాం. సిలబస్‌లోనే ఇచ్చిన మార్కులు అరవై, అరవై అయిదు. అందరి పుస్తకాల్లో జవాబు అరవై రెండున్నర. ఈ అమ్మాయి పుస్తకంలో అరవై రెండు. ఎర్ర పెన్నుతో కొట్టేసి, లేపి నిలబెట్టాను.

“నూట ఇరవై అయిదులో సగం ఎంతమ్మా?”

“అరవై రెండున్నర సార్.”

“మరి ఇదేంది?”

“మిషన్ అట్ల చెప్పింది సార్. నేను చెప్పలా.”

వెనక బెంచీలో ఒకడు అందుకున్నాడు. “వాళ్లది గొర్రెల లెక్క సార్. అర గొర్రె ఉండదు గదా, తీసేసింది.”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. దిద్దుకొస్తేనే సంతకం అన్నాను. సంతకం లేకుంటే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు.

రెండుసార్లు అదే పుస్తకం, అదే జవాబుతో తెచ్చింది. పరీక్ష దగ్గరపడింది. “రాసేయమ్మా, నీకు పోయేదేముంది?” అన్నాను.

“నేను చూసింది అది కాదు సార్. ఒక్కసారి వచ్చి నడిపి చూడండి.”

నోరు మూయిద్దామనే వెళ్లాను. కీబోర్డు వైపు చూడకుండానే టైప్ చేసింది. తెర మీద అరవై రెండు. నేను వేరే అంకెలిచ్చాను. మళ్లీ అర మాయమైంది.

“మనమే దీన్ని పూర్ణ సంఖ్యలు పట్టుకోమన్నాం సార్, అర వదిలేసింది. ఆ పిల్లోడు ఎగతాళి చేసినాడు గానీ వాడు చెప్పిందే నిజం. ఇది గొర్రెల లెక్కే.” ఒక్క లైను మార్చి మళ్లీ నడిపింది. అరవై రెండున్నర వచ్చింది. “ఇట్ల రాస్తే అర కూడా ఇస్తాది.”

సారుకే పాఠం చెప్తున్నానన్న ధ్యాస కూడా ఆమె గొంతులో లేదు. అప్పుడే సంతకం పెట్టాను. క్లాసులో మాత్రం “రికార్డులో ఒక తప్పుంది, దిద్దుకోండి” అన్నాను. ఎవరు చూపించారో చెప్పలేదు.

ప్రాక్టికల్ పరీక్షకు వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ రికార్డులు తిప్పి ఆగాడు. “నేను పోయిన చోటల్లా అరవై రెండున్నరే ఉన్నింది. మీరెట్ల పట్టినారు సార్?”

“నడిపి చూస్తే తెలిసింది” అన్నాను.

ఆమె పక్క సిస్టమ్ మీదనే ఉంది. వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి. ఆయన ప్రిన్సిపాల్ ముందు నన్ను మెచ్చుకున్నాడు. నేను తల దించుకుని వినయం నటించాను.

ఇప్పుడామె మార్కాపురంలో డిగ్రీ చదువుతోంది, కంప్యూటర్సే. నా సర్వీసులో అలాంటి విద్యార్థి ఇంకొకరు లేరు. నేను దిద్దిన పిల్లలు చాలామంది ఉన్నారు, నన్ను దిద్దింది ఈమె ఒక్కతే. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు గర్వంగానే ఉంటుంది. ఈ ఏడాది ప్రిన్సిపాల్‌కూ, కొత్త పిల్లలకూ జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాను.

“ఇంకా దాని మీదనే ఉండారా సార్?” అని నవ్వింది. తర్వాత, “ఆ పొద్దే చెప్పి ఉంటే మా నాయనకు చెప్పుకునేదాన్ని” అంది.

“తప్పయిపోయిందమ్మా.”

“ఏడో ప్రోగ్రాం కూడా నడిపి చూడండి సార్. అప్పుడు సంతకానికి భయపడి చెప్పలా.”

మరుసటి రోజు నడిపాను. రికార్డులో జవాబు ఒకటి, తెర మీద ఇంకొకటి. పిల్లల ముందే దిద్ది, ఎవరు పట్టుకున్నారో బోర్డు మీద ఇంటిపేరుతో సహా రాశాను. ఆ బోర్డును ఫోటో తీసి, “మీ నాయనకు చూపించు” అని పంపాను.