దిమ్మక్క కాలికి ఐసు

ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు ఐసంటే గిట్టదు. పగలంతా కొయ్యబారిన చేతుల్ని షెడ్డు మూలనున్న వేడినీళ్ల డ్రమ్ములో ముంచితేగాని ప్రాణం లేచిరాదు. అందుకే అక్కడ తలనొప్పికీ, బెణుకుకూ, దిగులుకూ ఒకటే మందు: డ్రమ్ము.

దిమ్మక్కదీ అదే మతం. ఐసు దిమ్మెల్ని కొక్కెంతో లాగి లారీకెక్కించే మనిషి కాబట్టి ఆ పేరు. శ్రమజీవి, త్యాగమూర్తి లాంటి మాటలు ఆమెకు తగిలించను. అవి ఆమెకు అక్కర్లేదు. ఆమెకు కావలసింది క్రేను పని. చేత్తో స్విచ్చు నొక్కుతూ, ఐసు గడ్డకట్టించే ఉప్పునీళ్ల తొట్టిలోంచి డబ్బాల్ని పైకి లేపే ఆ పని ఖాళీ అయింది. సోమవారం పొద్దున పరీక్ష, రానివాళ్ల సంగతి నాకక్కర్లేదు అన్నాడు మేస్త్రి. ఆ పని తనదేనన్న ధీమాతో ఆయన బావమరిది అప్పుడే కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

శనివారం సాయంత్రం తడినేల మీద జారి దిమ్మక్క చీలమండ మెలితిరిగింది.

"డ్రమ్ములో పెట్టవే, దెబ్బకు వదుల్తుంది" అన్నారంతా. పెట్టింది. ఇల్లు చేరేసరికి చీలమండ ఎముక ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. అది చూసి అత్తగారు మళ్లీ నీళ్లు కాచడం మొదలెట్టింది.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన ఆడపడుచు, ఆసుపత్రి నర్సు, ముందు పొయ్యి ఆర్పేసింది.

"రోజంతా ఐసు మోస్తావు, ఒక్క ముక్క తెచ్చుకోలేకపోయావా వదినా?"

"ఇంట్లో కూడా అదేనా? చచ్చినా పెట్టను."

"సోమవారం వెళ్లాలా, వద్దా? వెళ్లాలంటే నోరు మూసుకుని కాలు చాపు."

ఎముకల మీద నొక్కి, నాలుగడుగులు వేయించి చూసింది. విరిగినట్టు లేదు.

"లోపల సన్నటి రక్తనాళాలు చిట్లి కారుతున్నాయి. వేడి తగిల్తే ఇంకా తెరుచుకుంటాయి. చల్లదనానికి ముడుచుకుంటాయి. కారేది తగ్గితే వాపూ తగ్గుతుంది, నొప్పీ మొద్దుబారుతుంది."

"కాలికి జలుబు చేస్తుందే!" అంది అత్తగారు.

"చేస్తే తుమ్ముతుందిలే అమ్మా."

ఒప్పుకున్నాక దిమ్మక్కకు ఆగడం రాదు. పక్కింటి ఫ్రిజ్‌లోంచి తెప్పించిన గిన్నెడు ఐసు తిన్నగా చర్మం మీద బోర్లించబోయింది. ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. "గుడ్డ చుట్టు, కమిలిపోతుంది! పావుగంట చాలు. తీసేసి, రెండు గంటలాగి మళ్లీ పెట్టు."

ఆదివారమంతా దిండ్ల మీద కాలు ఎత్తిపెట్టుకుని, మంచం మీంచే ఇంటిల్లిపాదికీ పనులు పురమాయించింది. సోమవారానికి ఎముక మళ్లీ కనిపించింది.

"వాపు తగ్గితే కాలు బాగుపడ్డట్టు కాదు. ఎక్కువసేపు నిలబడకు" అని మరీ మరీ చెప్పి పంపింది ఆడపడుచు.

దిమ్మక్క ఫ్యాక్టరీకి ఆటోలో వెళ్లి, గోడ పట్టుకుని లోపలికి నడిచింది. పరీక్షకు డబ్బాల్లో నీళ్లు నింపి పెట్టారు. అప్పటికే బావమరిది లేపిన డబ్బా ఊగి గోడకు కొట్టుకుని, సగం నీళ్లు కొత్త చొక్కా మీద పడ్డాయి.

"కుంటుకుంటూ క్రేను పనేంటి దిమ్మక్కా? కాలు బాగయ్యాక చూద్దాంలే" అన్నాడు మేస్త్రి.

ఆమె ఒక ఖాళీ డబ్బాను బోర్లించి, దాని మీద కూర్చుని, ఇంకోదాని మీద కాలు చాపింది.

"స్విచ్చు చేత్తో నొక్కేదా, కాలితో నొక్కేదా అండీ?"

మేస్త్రికి స్విచ్చు అందించక తప్పలేదు. డబ్బాలు నిటారుగా లేచి, ఊగకుండా వెళ్లి, చప్పుడు లేకుండా దిగాయి. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని ఆయన తొట్టి చుట్టూ తిరిగి చూశాడు. దొరకలేదు.

"సరే, కాలు నొప్పి తగ్గాక వచ్చి చేరు."

"ఇప్పుడే చేరానండీ" అంది దిమ్మక్క, లేవకుండానే. "ఎవరైనా ఓ ఐసు ముక్క ఇటు పడేయండర్రా. గుడ్డ తెచ్చుకున్నా."