పాతచీర వాసన

1999 వేసవిలో నన్ను చీరాల దగ్గర ఒక ప్రభుత్వాసుపత్రికి పిల్లల వైద్యుడిగా వేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉందే గాని నేను కత్తి పట్టిన పాపాన పోలేదు. మా శాఖలో డాక్టర్లందరూ మొదట ఆ పేరుతోనే చేరతారు.

ఆ రోజుల్లోనే ఒక నేతవారి అమ్మాయి, పురిటికి పుట్టింటికి వచ్చి, మా దగ్గర మగబిడ్డను కన్నది. రెండో కాన్పు. మొదటి మగబిడ్డ ఇంట్లోనే పుట్టి, కామెర్లు ముదిరి, వారం తిరక్కుండానే పోయాడట. వీడూ మర్నాటికే పచ్చబడ్డాడు. పసిపిల్లల్లో కొంత పసుపు సహజమే గాని, ఇంత త్వరగా వస్తే కాదు. అది మితిమీరి మెదడుకెక్కితే బిడ్డ బతికినా వినికిడి, నడక దక్కకపోవచ్చు.

తల్లీబిడ్డల రక్తం గ్రూపులు చూశాం, పేచీ లేదు. నీలిదీపాల కింద పడుకోబెట్టాం. ఆ వెలుతురుకు ఒంట్లో పసుపు విరిగి బయటికి పోతుంది. తగ్గాల్సింది తగ్గలేదు సరికదా, పెరిగింది. దీపాల మీదా, కరెంటు మీదా, చివరికి నర్సమ్మ మీదా విసుక్కున్నాను.

పాలకు తీసినప్పుడల్లా అమ్మమ్మ బిడ్డను ఒక పాత నేతచీరలో చుట్టేది. పురుడు వెళ్లేదాకా కొత్తబట్ట తగలనివ్వరు కదా. పరీక్షించబోయి వంగితే కలరా ఉండల ఘాటు ముక్కుకు కొట్టింది.

"ఈ చీర పెట్టెలోదా అమ్మా?" అన్నాను.

"అవునండి. నా పెళ్లినాటిది. పురుగు పట్టకుండా ఉండలేసి దాచానండి. పిల్లోడికి మెత్తగా ఉంటదని తీశా."

మీ మగవాళ్లలో ఎవరికైనా ఇలా అయిందా అని అడిగాను. తన కొడుక్కి చలిజ్వరం మాత్రలు పడక, మూత్రం నల్లగా వచ్చి, కళ్లు పచ్చబడ్డాయని చెప్పింది.

దాంతో ముడి వీడింది. ఎర్రకణాలను కాపాడే జి-సిక్స్-పి-డి అనే పదార్థం కొన్ని కుటుంబాల్లో తక్కువగా ఉంటుంది. ఆ లోపం తల్లి ద్వారా వచ్చి, ఎక్కువగా మగపిల్లల్లో బయటపడుతుంది. అలాంటి బిడ్డకు కలరా ఉండల ఆవిరి తగిలినా చాలు, కణాలు చితికిపోతాయి. చీర తీయించి, పరీక్షకు రక్తం గుంటూరు పంపి, బిడ్డకు రక్తం మార్చాం. బొడ్డు నాళం గుండా పాతది కొంచెం తీస్తూ, దాత రక్తం కొంచెం ఎక్కిస్తూ పోవాలి. చెయ్యి వణకకూడని పని. మర్నాటికి పసుపు దిగింది. గుంటూరు రిపోర్టు కూడా నా అనుమానమే ఖాయం చేసింది.

ఇదంతా వివరిస్తుంటే అమ్మమ్మ మధ్యలో ఆపింది. "అయితే జబ్బూ నా నుంచే వచ్చిందా అండీ? చీరా నాదే కదండీ?"

జబ్బు మీ వైపు నుంచే వచ్చినట్టుంది, అది ఎవరి చేతిలోనూ లేదు అన్నాను.

ఆవిడ చీర మడతపెడుతూ, "పోయినోణ్ణి కూడా దీంట్లోనే చుట్టానండి" అంది.

కాదని నేను అనలేదు. ఈ బిడ్డ దక్కాడు, ఇక ఇంట్లో ఆ ఉండలు ఉంచొద్దని చెప్పి, వాడకూడని మాత్రల పేర్లు రాసిచ్చాను.

వంశంలో ఉన్న లోపాన్ని వైద్యుడు తీసెయ్యలేడు. దాన్ని రేపే వస్తువును ఇంట్లోంచి తీయించగలడు. అందుకే రిటైరయ్యేదాకా, పచ్చబడ్డ ప్రతి బిడ్డనూ దేంట్లో చుట్టారని అడిగాను. అడిగేటప్పుడు అమ్మమ్మ వంక మాత్రం చూసేవాణ్ణి కాదు.