నర్సమ్మ రాని సోమవారం

నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలూ కుదురుగా ఉండవు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, మన్నించండి. బోథ్ దగ్గర మా ఊళ్లో పనిచేసిన నర్సమ్మ శుక్రవారం పొద్దున చనిపోయింది. టీకాల డబ్బా భుజాన వేసుకుని గడప దాటబోతూ కూలిపోయిందట. విన్నప్పుడు ఏడుపు రాలేదు, భయం వేసింది. సోమవారం మా చెల్లెల్ని ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోతానన్నది ఆమే.

ఆమె పనిచేసే సబ్‌సెంటరులో ఫోను సిగ్నల్ అందదు, మా అరుగు మీద అందుతుంది. ఆన్‌లైన్ శిక్షణ ఉన్నప్పుడల్లా నర్సమ్మ వచ్చి, ఫోన్ను చెంబుకు ఆనించి కూర్చునేది. ఆడవాళ్లుగా మారినవాళ్లు, మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు దవాఖానకొస్తే ఎలా చూడాలో అందులో చెప్పేవాళ్లు. పక్కన కందులు చెరుగుతున్న నా చేతులు ఆగిపోయేవి.

"గీ వయసుల గిదేం సదువు నర్సమ్మా?" అనేది మా అత్త.

"పింఛను వచ్చేదాక సదువుడే అత్తా. నువ్వు గూడ కూసో, సర్టిఫికెట్ ఇప్పిస్త."

ఒకరోజు అత్త చేనుకు పోయాక, నర్సమ్మ పాఠంలో చెప్పినట్టు అడగడం నేర్చుకోవాలని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "నువ్వు పేషెంటువనుకో. నిన్ను ఏ పేరుతోని పిలువాలె బిడ్డా? ఏం మందులు వాడుతున్నవ్?"

పరాయివాళ్ల ముందు నోరు విప్పని నేను చెల్లెలి పేరు చెప్పాను. డాక్టరును అడక్కుండా వాడుతున్న హార్మోను మాత్రల సంగతి, కాళ్లు వాస్తున్న సంగతి చెప్పాను. మగపిల్లాడిగా పుట్టి, మంచిర్యాలలో ఆడపిల్లగా బతుకుతున్న నా తోడబుట్టినదాని గురించి అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నర్సమ్మ ఫోను ఆపేసింది. "గిది ఉత్తగ జెప్పింది కాదు గదనే?"

"కాదమ్మా. ఒకసారి దవాఖానకు పోతే లైన్ల అందరు నవ్విండ్రట. మల్ల పోతలేదు."

"మొదట్ల నేను గూడ గట్లనే నవ్విన. తెల్వకుంటే అడుగుడు తప్పుగాదు, నవ్వుడు తప్పు. రమ్మను."

గురువారం చెల్లెలు సబ్‌సెంటరుకు వచ్చింది. నర్సమ్మ తలుపు దగ్గరికి వేసి, ఆమె చెప్పిన పేరుతోనే పిలిచి, బీపీ చూసింది. ఎక్కువగా ఉంది. "సోమారం నేనే తీస్కపోత. ఫికర్ జెయ్యకు" అంది. చెల్లెలు వాచిన పాదాల మీదికి చీర లాక్కుంటూ తలూపింది.

ఇంతకుముందు చెల్లెలికి ఇలాంటివి ఉత్తరంలో రాస్తే, చదివి కాల్చేయమని కింద రాసేదాన్ని. దీన్ని కాల్చమనను. నర్సమ్మ చేసింది నలుగురికీ తెలియాలి.

సోమవారం మేమిద్దరమే బస్సెక్కాం. దవాఖాన గేటు దగ్గర చెల్లెలు ఆగిపోయింది. "నర్సమ్మనే లేదు. వాపస్ పోదాం అక్కా."

"జర ఆగు. నేనున్న గద" అన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను.

వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. లోపలున్న డాక్టరు అలాంటి పాఠం విన్నాడో లేదో నాకు తెలియదు. మా వంతు వచ్చింది. వాపుకు చెప్పులు పట్టక వాటిని చేత్తో పట్టుకుని, చెల్లెలు ఒట్టి కాళ్లతో తలుపు తోసింది. బల్ల వెనక వంగి రాసుకుంటున్న డాక్టరు తల మెల్లగా పైకి లేచింది.