చీటీ వెనక పేరు

నూకరత్నం గారు రాసిపెట్టుకున్న చీటీల్లోని ఇంగ్లీషు వాక్యాలు పద్నాలుగు వందలు ఒక సిద్ధాంత గ్రంథంలో అచ్చయ్యాయి. ఆమె పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు. పైగా వాటికి పెట్టిన శీర్షిక ‘పల్లెటూరి తప్పులు’. చీటీలు పట్టుకెళ్లి ఆ గ్రంథం రాసిన పెద్దమనిషికి డాక్టరేటు వచ్చింది. ఈవిడకి చీటీల డబ్బాలు తిరిగి రావడానికే రెండేళ్లు పట్టింది. ఆమె ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. నేనైతే దాన్ని దొంగతనమే అంటాను.

అనకాపల్లి స్టేషను రోడ్డులో ఆమెది టైపింగు సెంటరు. ముప్పై ఏళ్లుగా అర్జీలు, ఉద్యోగ దరఖాస్తులు కొడుతోంది. వచ్చినవాళ్లు చెప్పే ఇంగ్లీషును కాగితం మీద సరిచేసినా, వాళ్లు అన్నది అన్నట్టుగా విడిగా చీటీ మీద రాసుకుంటుంది. గొలుగొండ మాస్టారు ‘ఐ యామ్ హేవింగ్ టూ సన్స్’ అంటే అలాగే. ఎలమంచిలి గుమస్తా ‘యెస్టర్‌డే ఓన్లీ ఐ హేవ్ కమ్’ అంటే అలాగే. వాళ్లనడిగి చీటీ వెనక పేరు, ఊరు, తేదీ రాస్తుంది. ఇది ఆమెకి వాళ్ల నాన్న నుంచి వచ్చిన అలవాటు. ఆయన బెల్లం మార్కెట్లో మూటలు మోసే కలాసీ. ఏ రైతు బెల్లం దిమ్మలు ఆ రైతు వరసలో పేర్చి, పేరు చీటీ పెట్టందే పక్కకి కదిలేవాడు కాదట.

పోయినేడు భానుశ్రీ అనే పరిశోధక విద్యార్థిని, ఆ గ్రంథంలోని వాక్యాలు ఈ సెంటరువేనని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. ఇంగ్లీషు క్రియలూ నుడికారాలూ ఊరూరికీ ఎలా మారుతున్నాయన్నది ఆమె పని. ఏ మాట ఏ ఊరిదో చెప్పని ఆ పాత గ్రంథం ఆమెకి ఎందుకూ పనికిరాలేదు.

“అసలు చీటీలు ఉన్నాయా ఆంటీ?”

“ఉన్నాయమ్మా. నువ్వూ అట్టుకెల్లిపోతావేటి?”

“లేదాంటీ, ఇక్కడే కూర్చుని రాసుకుంటాను.”

“అయితే ఒకటి ఇను. నా పేరు మరిసిపోయినా పర్లేదు. ఎనకాలున్న పేర్లు వదలకు. తప్పులని మాత్రం రాయకు.”

నలభై రోజులు భానుశ్రీ ఆ బల్ల దగ్గరే కూర్చుంది. పేర్ల పక్కన ఊళ్లు పెట్టి చూస్తే, మాడుగుల వైపు చాలామంది ఒకలా, ఎలమంచిలి వైపు ఇంకోలా అంటున్నారని తేలింది. తప్పులైతే ఇంత వరసగా ఉండవు కదా! ఈ ఏడాది వ్యాసం అచ్చయింది. మొదటి పేజీలో భానుశ్రీ పక్కనే నూకరత్నం పేరు. చివర మూడు పేజీల నిండా జనం పేర్లు.

వాటిలో తన పేరు చూసి ఆటో నడిపే పరదేశి ఎగిరి గంతేశాడు.

“నా ఇంగిలీసు అచ్చేసేరేటి పిన్నీ! మా యావిడ ఇన్నాల్లూ నవ్వింది కదా, సూపిత్తానుండు.”

“నేను సీటీ రాసుకున్న రోజు సిగ్గుపడి సచ్చేవు కదరా.”

“సిగ్గెందుకే? ఇప్పుడు పెద్ద పెద్దోల్లు నన్నే సదువుకుంటారు!”

నూకరత్నం నవ్వుతూనే పైటచెంగుతో కళ్లొత్తుకుంది. “ఆ పిల్ల సల్లగుండాల. మా నాన్నే మల్లీ వచ్చి సీటీ ఎట్టినట్టుంది.”

పాత గ్రంథం మాత్రం లైబ్రరీలో అలాగే ఉంది. దాన్ని సరిచేయమని, ఆమె దగ్గర అర్జీలు కొట్టించుకున్న మేమంతా విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాస్తామంటే నూకరత్నం ముందు వద్దంది. “అందరి పేర్లూ ఏయించితే సరే” అంది చివరికి. ఆ ఉత్తరం ఆమె బల్ల మీదే ఉంది. వచ్చి సంతకం చెయ్యండి. కింద మీ పేరు, ఊరు, తేదీ రాయడం మరవకండి.